ఆడబిడ్డ ఒళ్ళో నా తుపాకీ

మా ఆడబిడ్డ రజితను వెంట తీసుకెళ్ళకుండా ఉండాల్సింది. ఈ ప్రయాణం ఎలా జరిగిందని అడిగిన వాళ్ళందరికీ ముందుగా చెప్పదలచుకున్న మాట ఇదే. మీరెప్పుడైనా మొదటి తుపాకీ కొనుక్కోవడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వెళ్తే, మీకన్నా బాగా పేల్చేవాళ్ళను మాత్రం కారెక్కించుకోకండి.

తుపాకీ అనగానే ఉలిక్కిపడొద్దు. నేను పళ్ళ డాక్టర్ని. పుట్టిల్లు తెనాలి, మెట్టినిల్లు హైదరాబాదు. ఊరి శివార్లలో క్లే షూటింగ్ రేంజి ఉంది. అక్కడ ఒక యంత్రం నారింజ రంగు మట్టి బిళ్ళల్ని ఆకాశంలోకి విసురుతుంది. అవి నేలమీద పడేలోపు చిన్న చిన్న సీసపు గుండ్లుండే ఛర్రాల తూటాతో పగలగొట్టాలి. అంతే ఆట. ఆదివారాలు ఒక్కదాన్నే అంతదూరం కారు నడుపుకుంటూ పోవడం విసుగేసి, మా ఆయన చెల్లెలు రజితను నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆమె కాలేజీలో అకౌంట్స్ చెబుతుంది. చిన్నప్పుడు మామిడికాయకు రాయి కూడా విసిరి ఎరగదట. అలాంటిది మొదటిరోజే ఆమె పేల్చిన రెండో తూటాకు బిళ్ళ పొడిపొడి అయిపోయింది. ఏడాదిగా నాకు "డాక్టరుగారూ, తల ఎత్తకండి" అని తప్ప ఇంకో మాట చెప్పని మా కోచ్ ఆమె దగ్గరికెళ్ళి, "ఇదివరకు ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాడు. నాకు కడుపు మండిపోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

లైసెన్సుకు ఇద్దరం కలిసే పెట్టుకున్నాం, ఇద్దరికీ వచ్చింది. అయితే రజితావాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నారు, ఇప్పట్లో ఆమె తుపాకీ కొనలేదు. నేను కొనగలను. ఈ ఒక్క విషయంలోనైనా ఆమెకన్నా ముందున్నానని లోపల్లోపల చాలా సంతోషించాను. కొత్త విదేశీ తుపాకీల ధర వింటే కళ్ళు తిరుగుతాయి. పాలమూరు వైపు పెద్ద ఇళ్ళలో, పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న రైతుల దగ్గర, పాతవి మంచివి ఉన్నాయని రేంజికి వచ్చే ఒకాయన మూడు చిరునామాలు ఇచ్చాడు. "నేను డ్రైవింగ్ చేస్త వదినా, నువ్వు సక్కగ కూసో" అంటూ రజిత బయల్దేరింది. కారు కూడా నాకన్నా ఆమే బాగా నడుపుతుంది.

గద్వాల

పొద్దున్నే చేరాం. బస్టాండు దగ్గర ఒక బండి మీద ఉగ్గాని తిన్నాం. మరమరాలు తడిపి తాలింపు పెట్టి పైన పుట్నాలపొడి చల్లుతారు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. తెనాలిలో బజ్జీ సాయంత్రం తిండి, ఇక్కడ పొద్దుటి ఫలహారం. ఆ కారానికి నా కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే రజిత ఇంకో బజ్జీ అడిగి పెట్టించుకుంది.

మొదటి చిరునామా ఒక పల్లీల వ్యాపారిది. మనిషి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు, చాయ్ తాగించాడు, తుపాకీ గుణగణాలన్నీ వర్ణించాడు. గొట్టం మీద ఒక్క గీత లేదన్నాడు. చూపించమన్నాను.

"ఇంట్ల లేదు డాక్టరమ్మా, ఠాణాల ఉన్నది" అన్నాడు తాపీగా.

"ఏం జరిగింది?" అన్నాను కంగారుగా.

"ఏం గాలె. ఎలక్షన్లప్పుడు అందరి తుపాకులు తీసుకపోయి ఠాణాల పెట్టిచ్చుకుంటరు గదా. మల్ల పోయి తెచ్చుకోలే."

"ఏ ఎన్నికలప్పుడు?"

ఆయన లోపలికి తిరిగి భార్యను అడిగాడు. ఆమెకూ గుర్తు లేదు. "గిప్పుడు పోయి అడిగితె, ఇన్ని రోజులు ఏం జేసినవంటరు. జర పరేషాన్ అయితది" అని నవ్వాడు. తుపాకీ లేదు గానీ దాని తోలు సంచి ఉందట. చూస్తారా అని అడిగాడు. చూశాం.

వచ్చినందుకు చీరలైనా కొందామని మగ్గాలున్న ఇంటికి వెళ్ళాం. ఒంటినిండా నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగు పోగు కలిపి అతుకుతారు. ఒక ఆవపూల రంగు చీరను నేను పక్కకు నెట్టాను. రజిత దాన్ని తీసి భుజాన వేసుకుంది. వెంటనే అది నాకు కావాలనిపించింది. నేత నేసే ఆమె, "గీ అమ్మ కోసమే నేసినట్టున్నది" అని రజితను మెచ్చుకుంది. నేను అలాంటిదే ఇంకోటి ఉందా అని అడిగాను. లేదంది.

వనపర్తి

రెండో చిరునామా రిటైరైన పశువుల డాక్టరుగారిది. ఇంటి ముందు జామచెట్లు, వెనక కుక్కలు. పెట్టెలోంచి తుపాకీ తీసి, మధ్యలో వంచి తెరిచి, తూటాలు లేవని మాకు చూపించి, అప్పుడు చేతికిచ్చాడు. ఇంగ్లండులో చేసింది. పక్కపక్కన రెండు గొట్టాలు, ఇనుము మీద ఎగురుతున్న కౌజుపిట్టలు చెక్కి ఉన్నాయి. ఎంత అందంగా ఉందంటే, ఇక బేరం కూడా ఆడకూడదనుకున్నాను.

తుపాకీ జాకెట్టులాంటిది. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి పట్టదు. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తాలి, దవడ వెనకవైపు చెక్కకు ఆనాలి. కళ్ళు తెరవగానే గొట్టం చివరనున్న చిన్న పూస సూటిగా కనబడాలి. దానికోసం వెతుక్కోవాల్సి వస్తే ఆ తుపాకీ మనది కాదు. నేను ఎత్తాను, తెరిచాను, కొంచెం వెతుక్కున్నాను. అయినా ఆ పిట్టల్ని చూసి సర్దుకుపోదామనుకున్నాను.

రజిత తుపాకీని తిప్పి గొట్టాల అడుగున గుద్దిన అంకెలు చదివింది. "వదినా, ఇండ్ల తూటా గది పొట్టిగున్నది. ఇప్పటి తూటాలు దీనికంటె పొడుగు. కాలిస్తె డేంజర్ గదా?"

ఆ సంగతి రేంజిలో ఆమెకు చెప్పింది నేనే. చూడాల్సింది నేనే. పశువుల డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని, "ఈ అమ్మకు ఎర్క ఉన్నది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞత ఉండాలని తెలుసు. ఉంది కూడా. కానీ ముందు వచ్చింది మంటే.

ఆయన భార్య చాయ్ తెచ్చి మా ఆట గురించి అడిగింది. చెప్పాను.

"మరి ఆ బిళ్ళ కింద పడ్డంక ఏం జేస్తరు?"

"ఏమీ చెయ్యం. పగిలిపోతుంది."

"గంతేనా?"

"అంతే."

ఆమె చాలాసేపు నన్ను జాలిగా చూసింది. వెళ్ళేటప్పుడు జామకాయలు కోసి సంచిలో పెట్టి ఇచ్చింది. సంచి రజిత చేతికిచ్చింది.

పాన్‌గల్ దారిలో

పాన్‌గల్ దాటాక టైరు పంక్చరైంది. పత్తి ఏరి ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆటో కోసం రోడ్డు పక్కన కూర్చున్నారు. జాకీ ఎక్కడ పెట్టాలో మాకు తెలియక తంటాలు పడుతుంటే నవ్వుకుంటూ లేచి వచ్చారు. అందులో ఒకామె, మెడలో చిన్న సిలువ ఉన్న మనిషి, పుణెలో బిల్డింగు పనికి పోయినప్పుడు మేస్త్రీ లారీకి టైర్లు మార్చిందట. నన్ను పక్కకు జరగమని తనే బిగించింది. కొంగులోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి మాకు పెట్టింది.

"అక్కచెల్లెండ్లా?" అని అడిగింది.

"కాదు. నేను వదినను, తను ఆడబిడ్డ."

"యేసయ్యా! వదినా ఆడిబిడ్డలు కొట్లాడుకోకుండ గిట్ల ఒక్క కార్ల తిరుగుతున్నరా?" అని అందరికీ వినబడేట్టు అంది. అందరూ పకపకా నవ్వారు. రజిత నా భుజం మీద చెయ్యి వేసి, "మా వదిన బంగారం" అంది. నేను పల్లీలు వలుచుకుంటూ ఉండిపోయాను. ఆమె మంచిది కాకపోతే నాకెంత బాగుండేది! తిట్టుకోవడానికైనా ఒక దారి ఉండేది.

సోమశిల

సాయంత్రానికి కృష్ణ ఒడ్డున సోమశిల చేరాం. గుళ్ళో దర్శనం చేసుకుని పడవ ఎక్కాం. నీళ్ళు ఎంత దూరం పరుచుకున్నాయంటే, అవతల నల్లమల కొండలు నీలంగా మసకగా ఉన్నాయి. ఒడ్డున ఒకామె పెనం మీద చేపలు వేయించి అమ్ముతోంది. మావైపు చేపను చింతపండు పులుసులో ముంచకుండా వదలం. ఇక్కడ ఉప్పు, కారం, అల్లం పట్టించి కరకరలాడేట్టు వేయించి ఉల్లిపాయతో ఇస్తారు. పులుసు లేని చేప ఏం చేపని మొదలుపెట్టి రెండు ప్లేట్లు తిన్నాను.

అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు రజిత అడిగింది. "వదినా, ఒకటి అడుగుత. కోపం చెయ్యొద్దు. నువ్వు తుపాకి కొన్నంక, నువ్వున్నప్పుడే, రేంజిల నాకొక్క రౌండు ఇస్తవా? అక్కడి తుపాకి నా భుజానికి పొట్టిగయితున్నది. నాకు సరిపోయింది ఒక్కసారన్న పట్టుకొని చూడాలని ఉన్నది."

రేంజి తుపాకీ ఆమెకు సరిపోదని నాకు అప్పుడే తెలిసింది. సరిపోని తుపాకీతోనే అన్ని బిళ్ళలు పగలగొడుతోందన్నమాట.

"చూద్దాంలే" అన్నాను.

కోడేరు

మూడో చిరునామా కోడేరు దగ్గర ఒక రైతుల ఇల్లు. ఇంటి యజమానురాలు తిమ్మక్క. డెబ్బై దాటి ఉంటాయి. భర్త పోయాక లైసెన్సు ఆమె పేరుకే వచ్చిందట. మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి అరుగు మీద కందులు చెరుగుతోంది.

"మా తల్లిగారిల్లు రాయచూరు దిక్కు. మా అయ్య కాంట్రాక్టరు. నాకు పెండ్లయి ఈడికి వస్తుంటె, చేన్లల్ల అడవిపందులు మస్తుగున్నయని తెలిసి గీ తుపాకి మా ఆయన పేర కొనిచ్చిండు. కొట్టింది లేదు బిడ్డా, గాలిల ఒకటి పేలిస్తె ఉరుకుతయి. మా ఆయన తాగి పండుకుంటె నేనే పేల్చేదాన్ని. హౌదు!" అంది, అవునన్న మాట కన్నడంలో కలిపి. కొడుకులిద్దరూ కరెంటు తీగ కంచె వేసుకున్నారు, తుపాకీ జోలికి రారు. ఈ ఏడు లైసెన్సు వదిలేసుకుంటానని, అమ్ముకోవడానికి కలెక్టరాఫీసులో అనుమతి తీసుకున్నానని చెప్పింది.

గోనెగుడ్డ విప్పింది. గొట్టాలు పక్కపక్కన కాదు, పైనొకటి కిందొకటి. మా ఆటకు అసలైన రకం. తూటా గది సరైన పొడవు. గొట్టాల లోపల అద్దంలా మెరుస్తోంది. అక్రోటు చెక్క మీద అక్కడక్కడా సొట్టలు, అంతే. కళ్ళు మూసుకుని ఎత్తాను. చంకలో తట్టుకుంది. మళ్ళీ ఎత్తాను. నా చేతికి చెక్క బాగా పొడుగు. కళ్ళు తెరిస్తే పూస ఎక్కడో ఉంది. అయినా ఇదే కావాలని మనసులో ఖాయం చేసుకున్నాను. చెక్కను కోయించుకోవచ్చు కదా.

"నువ్వు చూడు" అని మర్యాదకు రజితకు ఇచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తింది. ఎత్తడం కనబడలేదు నాకు, అప్పటికే భుజాన ఉంది. కళ్ళు తెరిచి కదలకుండా అలాగే నిలబడింది. తర్వాత తుపాకీ దించి, నావైపు చూడకుండా, "మంచిగున్నది వదినా, తీసుకో" అంది. మా ఇద్దరికీ తెలిసిపోయింది.

ధర కుదిరింది. తిమ్మక్క జొన్నరొట్టె, పుంటికూర, అదే మా గోంగూర, పెట్టింది. తిన్నాక ఒక పళ్ళెం తెచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు. ఒడిబియ్యం. తెనాలిలో ఈ ఆచారం లేదు గానీ, ఇక్కడ పుట్టింటి వాళ్ళు ఆడపిల్లకు పోస్తారని పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. రజితకు మా ఇంట్లో నేనే పోశాను కూడా.

"ఇంటికి వచ్చిన ఆడిబిడ్డను ఉత్తగ పంపొద్దు" అని తిమ్మక్క రజితను పీట మీద కూర్చోబెట్టి చున్నీ పట్టమంది. పళ్ళెం నా చేతికిచ్చింది. "మా ఆయన లేడు. నేను పొయ్యొద్దు. నువ్వు వదినవు గదా, నువ్వు పొయ్యి."

అతిథికి మర్యాద అనుకున్నాను. దోసిళ్ళతో పోశాను. రజిత బుద్ధిగా చున్నీ పట్టుకుని కూర్చుంది. బొట్టు పెట్టాను. అప్పుడు తిమ్మక్క తుపాకీ ఎత్తి, కళ్ళకద్దుకుని, ఆ బియ్యం మీద, రజిత ఒళ్ళో అడ్డంగా పెట్టింది.

"మా అమ్మ నా ఒళ్ల గిట్లనే వెట్టింది. నాకు ఇద్దరు కొడుకులే, బిడ్డల్లేరు. ఇగ నీదే బిడ్డా. సక్కగ చూసుకో."

రజిత మొహం తెల్లబోయింది. "అయ్యో అమ్మా, కొనేది నేను గాదు. మా వదిన" అని లేవబోయింది.

"నువ్వా?" తిమ్మక్క నన్ను చూసింది. "ఆడిబిడ్డ, వదినె వచ్చిన్రంటె, వదినె ఇప్పిస్తున్నదనుకున్న. వదినె పెడ్తది, ఆడిబిడ్డ ఒడి పడ్తది. ఇంగెట్లయితది?"

"ఆ బియ్యం వదినకు పోస్తనమ్మా" అంది రజిత.

"ఒళ్ల వడ్డవి మల్ల ఒంచొద్దు. మంచిది గాదు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తుపాకీ ఆమె ఒళ్ళో ఉంది, పసుపు అంటిన చేతులు నావి. నా డబ్బుతో నేను కొనుక్కుంటున్న మొదటి తుపాకీని నా చేతుల్తోనే, బొట్టు పెట్టి మరీ, ఆమెకు అప్పగించాను. ఆమెకు ఆ తుపాకీ నిజంగానే సరిపోయింది, అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

"బియ్యం రజితవి, తుపాకీ నాది" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే గుమ్మంలో కోడి ఎగిరిపోయింది.

నాగర్‌కర్నూలు

చేతులు మారే కాగితాల పని నాగర్‌కర్నూలులో లైసెన్సున్న ఒక దుకాణంలో. ఆ సంగతులు రాస్తే చదివేవాళ్ళకు నిద్ర వస్తుంది. అంతవరకూ తుపాకీ తిమ్మక్క దగ్గరే ఉండాలి కాబట్టి ఆమె కూడా మా కారులోనే వెనక సీట్లో వచ్చింది. రజిత ఒడిబియ్యం మూట తన సీటు పక్కన పెట్టుకుని బండి నడిపింది.

దుకాణదారు పుస్తకం తెరిచాడు. "ఎవరి లైసెన్సు మీద ఎక్కియ్యాలె?"

రజిత రోడ్డువైపు తిరిగి నిలబడింది. తన లైసెన్సు సంచిలోనే ఉంది, నాకు తెలుసు. డబ్బు నేను కట్టి ఆమె పేరు చెప్పొచ్చు. ఇల్లయ్యాక మెల్లగా ఇస్తుంది. దారిలో ఇవన్నీ లెక్క వేసుకునే వచ్చాను. మంచి వదిన అనిపించుకోవడం ఎంత సుళువో తెలుసు. నోరు తెరిచాక నా పేరే వచ్చింది.

"నీ ఇష్టం బిడ్డా. పైసలు నీయి" అంది తిమ్మక్క. సంతకం పెట్టి, రజిత తల నిమిరి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

దుకాణంలోనే చెక్కపని చేసే మనిషి ఉన్నాడు. నా మోచేతి మడత నుంచి వేలి దాకా కొలిచి, చెక్క మీద పెన్సిలుతో గీత గీశాడు. "ఇంత పోతది. కోస్తె మల్ల రాదమ్మా, చూసుకోన్రి" అన్నాడు. కోయమన్నాను. చెక్క కదలకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలన్నాడు. రజిత వచ్చి రెండు చేతులతో పట్టుకుంది. రంపం ఆడుతున్నంతసేపూ పొట్టు ఆమె వేళ్ళ మీద రాలుతూనే ఉంది, పట్టు ఒక్కసారి కూడా సడలలేదు.

తుపాకీ భుజానికి ఎత్తాను. కళ్ళు తెరిస్తే పూస ఎదురుగా ఉంది. నాది. రేంజిలో ఇంత కుదురుగా ఎప్పుడూ ఎత్తలేదు. సంతోషంతో వెనక్కి తిరిగాను.

రజిత నేల మీది నుంచి తెగిన ముక్కను తీసి, పొట్టు ఊది, చున్నీతో తుడుస్తోంది. వేలు మందం కూడా లేని అక్రోటు ముక్క.

"వదినా, ఇది నేనుంచుకోనా?" అని అడిగింది.

ఉంచుకో అన్నాను. కానీ నిజం చెబుతున్నాను, ఆ ముక్క కూడా ఇవ్వబుద్ధి కాలేదు నాకు.